గొంగళి కప్పుకున్న పువ్వు



రాక్ గార్డెన్ అనగానే మనలో చాలామందికి చండీగఢ్ గుర్తుకొస్తుంది. నేక్‌చంద్ అనే ఆయన పగిలిన గాజులూ, పింగాణీ పెంకులూ, పనికిరాదని పారేసిన సామానూ పోగుచేసి బొమ్మలు కట్టిన తోట అది. 1976లో దాన్ని ప్రజలకు తెరిచారు. అక్కడ రాళ్ళూ బొమ్మలే ముఖ్యం. తోటపని తెలిసినవాళ్ళు రాక్ గార్డెన్ అనేది ఇంకొకటి వుంది. అందులో రాళ్ళు పేర్చేది మొక్కల కోసం. ఎత్తయిన చల్లని పర్వతాల మీద బండల సందుల్లో బతికే చిన్న చిన్న పూలమొక్కలకు, కింద ఇంటి ఆవరణలో కూడా అటువంటి చోటే కల్పించడం దాని ఉద్దేశం. ఇంగ్లండులో రెజినాల్డ్ ఫారర్ అనే ఆయన 1907 నుంచి వరసగా రాసిన పుస్తకాల వల్ల ఈ సరదా మామూలు ఇళ్ళదాకా పాకింది.

ఆ రాతి తోటల మొక్కల్లో బాగా పేరుపడ్డ ఒకదాన్ని గురించి ఈ పూట చెప్పుకుందాం. దాని పేరు ఎడెల్‌వైస్. యూరపులోని ఆల్ప్స్ పర్వతాల మొక్క. ఇది మన పెరట్లో పెరగదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. పెరగని మొక్క గురించి మనకెందుకంటారా? అది ఎందుకు పెరగదో తెలుసుకుంటే, మన కుండీల్లో పెరగవలసిన మొక్కలు ఎందుకు చచ్చిపోతున్నాయో కూడా కొంత తెలుస్తుంది. అందుకని.

"సౌండ్ ఆఫ్ మ్యూజిక్" సినిమా చూసినవారికి ఈ పేరు కొత్త కాదు. 1965లో వచ్చిన ఆ సినిమాలో తండ్రి గిటారు పట్టుకుని పిల్లల ముందు పాడే పాట ఈ పువ్వు మీదనే. అది ఆస్ట్రియా దేశపు పాత జానపద గీతమని చాలామంది అనుకుంటారు. కాదు. 1959లో అమెరికాలో ఆడిన నాటకం కోసం కొత్తగా రాసిన పాట. అయినా ఆ పువ్వుకు ఆ దేశంలో వున్న గౌరవం మాత్రం నిజమే. ఆస్ట్రియావారి పాత ఒక షిల్లింగు నాణెం మీద ఈ పువ్వుండేది. యూరో వచ్చాక వాళ్ళు వేసిన రెండు సెంట్ల నాణెం మీదా ఇదే వుంది. పక్కనున్న స్విట్జర్లాండులో సైన్యాధికారుల్లో పెద్ద హోదా వారి దుస్తుల మీద మనవాళ్ళకు నక్షత్రాలు వున్నట్టు ఎడెల్‌వైస్ పూల గుర్తులుంటాయి.

జర్మన్ భాషలో ఎడెల్ అంటే శ్రేష్ఠమైనది, వైస్ అంటే తెలుపు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు లియోంటోపోడియం. అంటే సింహపు పాదం. బొద్దుగా, నూగుతో వున్న ఆ పువ్వు సింహపు పంజాలా కనిపించిందన్నమాట.

ఇంత పేరు విని, పెద్ద తామరపువ్వంత వుంటుందనుకునేరు. మొక్క జానెడు లోపే. ఆకులు సన్నగా, బూడిద రంగులో వుంటాయి. కాడ చివర ఒక తెల్లని చుక్క. అంతే. మొదటిసారి చూసినవాళ్ళు "ఇంతేనా?" అనడం కద్దు. మార్క్ ట్వేన్ అనే అమెరికన్ రచయిత అయితే ఇందులో అందమే లేదని ఎగతాళి చేశాడు. దీని గొప్ప చూడగానే తెలిసేది కాదు. దగ్గరకు వెళ్ళి వేలితో ముట్టుకుంటే తెలుస్తుంది. పువ్వు నిండా ఉన్నిలాంటి మెత్తని నూగు. పూలన్నిటికీ పట్టుచీర కడితే, దీనికి మాత్రం భగవంతుడు గొంగళి కప్పాడా అనిపిస్తుంది.

ఇంకో విశేషం. మనం తెల్లని రేకులనుకునేవి రేకులు కావు, ఆకులే. అసలు పూలు మధ్యలో పసుపుపచ్చ గుండీల్లా అయిదారు గుత్తులుగా వుంటాయి. ఒక్కో గుండీలో ఎన్నో చిట్టి పూలు. చామంతి, పొద్దుతిరుగుడు పూల కుటుంబమే ఇది. ఆకులే పూలలా కనిపించడం మనకూ తెలిసిన సంగతే. ప్రహరీగోడ మీద పాకే కాగితం పూలు, అదే బోగన్‌విల్లా, చూడండి. ఎర్రగా, గులాబీ రంగులో వుండేవి ఆకులు. లోపల సన్నని గొట్టంలా తెల్లగా వుండేదే పువ్వు. ఎడెల్‌వైస్ కూడా అంతే. దూరం నుంచి కీటకాలకు కనిపించడానికి ఆ తెల్లని ఆకులను జెండాలా పరిచి వుంచుతుంది. అంత ఎత్తున వచ్చే చుట్టాల్లో ఎక్కువ భాగం ఈగల జాతివే. అవే పుప్పొడి మోస్తాయి.

మరి గొంగళి ఎందుకు? ఇది పుట్టే చోటు చూస్తే అర్థమవుతుంది. సాధారణంగా 1,800 మీటర్ల నుంచి 3,000 మీటర్ల ఎత్తులో, అంటే సుమారు ఆరు వేల నుంచి పదివేల అడుగుల ఎత్తులో, సున్నపురాయి కొండల మీద పెరుగుతుంది. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్కడా అంత ఎత్తు కొండ లేదు. తూర్పు కనుమల్లో మనకున్న అన్నిటికన్నా ఎత్తయిన శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే. ఆల్ప్స్ మీద ఆ ఎత్తున చెట్లు ఆగిపోతాయి. నీడ వుండదు. గాలి ఎప్పుడూ ఈడ్చి కొడుతూ వుంటుంది. గాలి పలచన కాబట్టి ఎండలోని చర్మాన్ని మాడ్చే కిరణాలు, అల్ట్రావయొలెట్ కిరణాలంటారే, అవి ఎక్కువగా పడతాయి. మట్టి బెత్తెడు లోతు వుంటే గొప్ప. ఏడాదిలో ఎక్కువ భాగం మంచు. కాస్త ఎండ కాసే రెండు మూడు నెలల్లోనే చిగిర్చి, పూచి, గింజ కట్టి ముగించుకోవాలి. జులై నుంచి సెప్టెంబరు లోపల దాని సంసారమంతా అయిపోవాలి.

మన గొర్రెల కాపరి గొంగళి చూడండి. చలికీ అదే, వానకీ అదే, మిట్టమధ్యాహ్నపు ఎండకీ అదే. ఎడెల్‌వైస్ నూగు కూడా అటువంటిదే. గాలి నేరుగా ఆకును తాకనివ్వదు కాబట్టి లోపలి తేమ తొందరగా ఆరిపోదు. ఇక ఎండ సంగతి. 2005లో బెల్జియం శాస్త్రజ్ఞులు ఈ నూగు పోగులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. ఒక్కో పోగు మీద అతి సన్నని గీతలు, మీటరులో కోటో వంతు అంటామే, ఆ లెక్కన వున్నాయట. అవి అల్ట్రావయొలెట్ కిరణాలను పట్టేసి, మొక్కకు కావలసిన వెలుతురును మాత్రం లోపలికి పోనిస్తాయని తేలింది. మన మేడమీద వడియాలకు పలచని పంచె కప్పుతామే, ఎండ తగలాలి, కాకి తగలకూడదు అని, అటువంటి ఏర్పాటన్నమాట.

ఈ ఉపాయం ఎడెల్‌వైస్ సొత్తేమీ కాదు. మన బీటి నేలల్లో మొలిచే జిల్లేడు ఆకును గోటితో గీకండి. తెల్లని నూగు రాలుతుంది. అది కూడా ఎండకూ, వేడిగాలికీ కట్టుకున్న ముసుగే. ఒకటి మంచుకొండ మీద, ఒకటి రైలుకట్ట పక్కన. రెండింటి కష్టమూ ఒకటే, నీటి పొదుపు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అంత చలిలో వేళ్ళు గడ్డకట్టి చచ్చిపోవా? శీతాకాలంలో పైభాగం ఎండిపోతుంది. కింద వేరు, దాని మొదట్లో చిన్న మొగ్గలు నిద్రపోతాయి. వాటి మీద రెండు మూడడుగుల మంచు పేరుకుంటుంది. మంచు చల్లనిదే గాని, మంచి బొంత కూడా. పైన గాలి సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువన వున్నా, దట్టమైన మంచు కింద నేల సున్నాకి దగ్గరగానే నిలుస్తుంది. పైగా అక్కడ తడి వుండదు. నీరంతా గడ్డకట్టి వుంటుంది కదా. వసంతంలో మంచు కరిగితే ఆ నీరు రాళ్ళ సందుల్లోంచి చకచకా జారిపోతుంది. వేరు దగ్గర నిలవదు.

ఈ ప్రసంగంలో మీరు గుర్తుంచుకోవలసిన మాట ఇదొక్కటే. ఈ మొక్కకు చలి శత్రువు కాదు. నిలవ తడి శత్రువు.

ఇంగ్లండులో ఈ మొక్కలు పెంచేవాళ్ళు మొదట్లో ఆశ్చర్యపోయారు. తమ దేశంలో చలి ఆల్ప్స్ చలితో పోలిస్తే ఏపాటి? అయినా మొక్కలు అక్కడ బతికి ఇక్కడ చస్తున్నాయి. కారణం శీతాకాలపు ముసురు. రోజుల తరబడి సన్నని జల్లు పడి, నూగు తడిసి ముద్దయి, మొదలు కుళ్ళిపోయేది. దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం అద్దాల ఇల్లు. చలిదేశంలో అద్దాల ఇల్లంటే లోపల వెచ్చగా వుంచడానికే అనుకుంటాం. ఈ ఇంట్లో పొయ్యి వుండదు, కిటికీలన్నీ బార్లా తెరిచి వుంచుతారు. చలి లోపలికి రావచ్చు, గాలి రావచ్చు. వాన మాత్రం రాకూడదు. అంటే అది ఇల్లు కాదు, గొడుగు. అంత ఖర్చు పెట్టలేనివాళ్ళు మొక్క మీద చిన్న గాజుపలకను ఏటవాలుగా నిలబెడతారు.

రాతి తోట కట్టే పద్ధతి కూడా ఈ మాట మీదనే ఆధారపడింది. ముందు ఎండ బాగా తగిలే చోటు చూసుకోవాలి. చెట్టు కింద పనికిరాదు. నీడ ఒక నష్టం, ఆకుల మీంచి బొట్టుబొట్టుగా కారే నీళ్ళు ఇంకో నష్టం. అడుగున ఇటుక ముక్కలో, పెద్ద కంకరో ఒక పొర వేస్తారు. దానిమీద మట్టి. ఆ మట్టిలో సగానికి సగం ముతక ఇసుకా, సన్న కంకరా కలపాలి. కొంచెం ఆకు ఎరువు చాలు. రాళ్ళను మట్టి మీద పెట్టి వదిలెయ్యకూడదు. మూడో వంతయినా భూమిలోకి దిగేట్టు, కొంచెం వెనక్కి వాలేట్టు పాతాలి. అప్పుడు రాయి కదలదు. దాని మీద పడ్డ వాననీరు వెనకనున్న వేళ్ళ వైపు జారుతుంది. రాతి కింద నేల చల్లగా వుంటుంది కనుక వేళ్ళు అక్కడికి వెతుక్కుంటూ వెళతాయి. మొక్క నాటాక మొదలు చుట్టూ సన్న కంకర పరుస్తారు. అది అలంకారానికి కాదు. మొక్క మెడ దగ్గర తడి నిలవకుండా చూడడానికి.

మీ అమ్మాయో, కోడలో ఏ స్విట్జర్లాండులోనో, ఇంగ్లండులోనో, అమెరికాలో చలి ప్రాంతంలోనో కాపురం వుంటే, వాళ్ళకు ఈ మొక్క సులభంగానే వస్తుంది. కొండల మీంచి తేనక్కర్లేదు, తేకూడదు కూడా. విత్తనాలూ, నారూ అక్కడి నర్సరీల్లో దొరుకుతాయి. విత్తనాలు పొడిలా సన్నగా వుంటాయి. వాటికి మొలవడానికి వెలుతురు కావాలి కాబట్టి మట్టి కప్పకుండా, పైన చల్లి అరచేత్తో మెల్లగా అదిమితే చాలు. చలికాలం చివర్లో చల్లి కొన్ని వారాలు చలి తగలనిస్తే బాగా మొలుస్తాయి. సాధారణంగా రెండో ఏటికి పూస్తుంది. ఒక్కో మొక్క ఎక్కువ కాలం బతకదు. రెండు మూడేళ్ళకొకసారి వసంతంలో పిలకలు విడదీసి నాటుకుంటే వంశం నిలుస్తుంది. శీతాకాలంలో పైన ఎండిపోతే చచ్చిపోయిందని పీకి పారెయ్యొద్దని చెప్పండి. కింద నిద్రపోతూ వుంటుంది.

ఎరువు మాటకొస్తే, మనవాళ్ళ చెయ్యి పెద్దది కదా. గుప్పెడు వెయ్యమంటే దోసెడు వేస్తాం. ఈ మొక్కకు అది పనికిరాదు. బలమైన మట్టిలో నాటితే ఏపుగా పెరుగుతుంది, నిజమే. కాడ సాగుతుంది, ఆకు పచ్చబడుతుంది, నూగు పలచబడి పువ్వు తెలుపు తగ్గిపోతుంది. ఏ గుణం చూసి ముచ్చటపడి తెచ్చుకున్నామో ఆ గుణమే పోతుంది.

ఇక మన వూళ్ళల్లో ఎందుకు పెరగదో చూద్దాం. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, ఎక్కడైనా సరే. పగటి ఎండ ఒక్కటే కాదు కారణం. ముఖ్యమైనది రాత్రి. మొక్కలు పగలు ఎండలో ఆహారం తయారుచేసుకుంటాయి. రాత్రి ఊపిరి పీలుస్తూ అందులో కొంత ఖర్చు పెడతాయి. రాత్రి చల్లగా వుంటే ఖర్చు తక్కువ, కొంత మిగులుతుంది. మన రాత్రుళ్ళు వెచ్చన. రాబడికి మించిన ఖర్చున్న సంసారంలాగా, కొండ మొక్క నిల్వలన్నీ కరిగి నీరసించిపోతుంది. దానికి తోడు వర్షాకాలపు ఉక్క. నూగు ఆరదు. చివరికి మొదలు కుళ్ళుతుంది. నిద్రపోవడానికి శీతాకాలమూ వుండదు. ఫ్రిజ్‌లో పెడితేనో అని అడగవచ్చు. చలి వుంటుంది, వెలుతురూ గాలీ వుండవు. గింజలకు నాలుగు వారాలు చలి చూపించడానికి ఫ్రిజ్ పనికొస్తుందిగాని, మొక్క కాపురానికి కాదు. పైగా విదేశాల నుంచి మొక్కలూ విత్తనాలూ సామానులో వేసుకుని తీసుకురావడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. తెగుళ్ళు రాకుండా పెట్టిన నిబంధన అది. దాన్ని మన్నించాలి.

అయితే ఆ రాతి తోట పద్ధతిని మాత్రం మనం హాయిగా తెచ్చుకోవచ్చు. దానికి అనుమతి అక్కర్లేదు. మన ఇళ్ళల్లో కుండీ మొక్కలు నీళ్ళు లేక చచ్చేవాటికంటే నీళ్ళెక్కువై చచ్చేవి తక్కువేమీ కావు. వామాకు, కలబంద, రణపాల, ఎడారి గులాబి, టేబుల్ రోజ్ అనే పూలమొక్క, ఇవన్నీ ఎండను తట్టుకుంటాయి, నిలవ నీటిని తట్టుకోలేవు. ఆకులు వాడి కనిపించగానే మనం ఇంకో చెంబు పోస్తాం. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు కాబట్టి ఆకు వాడుతోందని తోచదు. నీళ్ళు పోసేముందు వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే చెంబు పక్కన పెట్టండి. కుండీ అడుగు చిల్లు మూసుకుపోయిందేమో చూడండి. మట్టిలో సగం ముతక ఇసుక, ఇటుక చిప్స్ కలపండి. మేడమీద ఒక మూల నాలుగు రాళ్ళు సగం పాతి, వాటి మధ్య ఈ మొక్కలు పెడితే మనకు తగిన రాతి తోట అదే అవుతుంది. వానాకాలంలో చూరు నీళ్ళు పడని చోట పెట్టడం మరచిపోకండి.

ఎడెల్‌వైస్‌ను చూడాలని సరదా వుంటే స్విట్జర్లాండే వెళ్ళనక్కర్లేదు. లియోంటోపోడియం జాతి మొక్కలు ఎక్కువగా వుండేది ఆసియాలో. టిబెట్, చైనా పర్వతాల్లో ఎన్నో రకాలు. యూరపులో వున్నవి ఒకటి రెండే. మన హిమాలయాల్లోనూ దీని చెల్లెళ్ళున్నాయి. బదరీనాథ్ వెళ్ళే దారిలో గోవింద్‌ఘాట్ దగ్గర చీలి నడిచి వెళితే పూల లోయ వస్తుంది. 1982లో జాతీయ పార్కు అయింది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల్లో చేరింది. ఆ చుట్టుపక్కల పచ్చికల్లో వానాకాలంలో బూడిద రంగు నూగుతో చిన్న చుక్కల్లాంటి పూలు కనిపిస్తే, అవి వీటి బంధువులే. ఆ కొండల్లోనే ఇంకా ఎత్తున అసలైన బ్రహ్మకమలం పూస్తుంది. మన మేడల మీద రాత్రిపూట పూసి, పక్కింటివాళ్ళను పిలిచి చూపించుకునే బ్రహ్మకమలం అది కాదు. మనది మెక్సికో వైపు నుంచి వచ్చిన జెముడు జాతి మొక్క. హిమాలయాల బ్రహ్మకమలం చామంతి కుటుంబంలోది, ఎడెల్‌వైస్‌కు చుట్టం. దానికీ రేకుల్లా కనిపించేవి లేత రంగు ఆకులే. లోపల ఊదారంగు పూలను దొన్నెలా మూసి చలి నుంచి కాపాడతాయి.

ఇక్కడొక విన్నపం. ఎడెల్‌వైస్‌కు మనుషుల వల్ల ఒకసారి పెద్ద గండం వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఆల్ప్స్‌కు విహారానికి వెళ్ళడం ఫ్యాషనయింది. ఈ పువ్వు ఎండినా ఆకారం పోదు, పుస్తకంలో పెట్టుకుంటే ఏళ్ళ తరబడి వుంటుంది. దాంతో వచ్చినవాళ్ళందరూ కోశారు. అమ్మేవాళ్ళు వేళ్ళతో సహా పీకారు. ప్రేమించిన పిల్లకిద్దామని కొండచరియ ఎక్కి జారిపడిపోయిన యువకుల కథలు అక్కడ చాలా చెబుతారు. నిజానికి ఇది పచ్చిక బయళ్ళలో కూడా పెరిగేది. చేతికందేవన్నీ పోయాక చేతికందని చోటివే మిగిలాయి. అప్పుడు కళ్ళు తెరిచి, 1878లో స్విట్జర్లాండులోని ఒబ్వాల్డెన్ ప్రాంతంవారు, 1886లో ఆస్ట్రియావారు దీన్ని కాపాడడానికి చట్టాలు చేశారు. ఒక పువ్వు కోసం చేసిన తొలి చట్టాల్లో ఇవి లెక్క. మొక్క నిలిచింది. ఇప్పుడు మందులకూ, ముఖానికి రాసుకునే క్రీములకూ కావలసింది స్విట్జర్లాండులో పొలాల్లోనే సాగు చేస్తున్నారు.

కోసేవాళ్ళను చట్టం ఆపింది. వేడిని ఆపే చట్టం లేదు. యూరపులో 302 శిఖరాల మీద మొక్కల లెక్కలు పోల్చి చూసిన శాస్త్రజ్ఞులు 2018లో ఒక విషయం చెప్పారు. కింద పెరిగే మొక్కలు ఏటేటా పైకి ఎక్కుతున్నాయి. ఆ వేగం పెరుగుతూ వుంది. పొడుగాటి మొక్కలు వచ్చి పక్కన నిలబడితే ఎడెల్‌వైస్ లాంటి పొట్టి మొక్కలకు ఎండ అందదు. అవి ఇంకా పైకి పోవాలి. పోగా పోగా కొండ అయిపోతుంది.

అందుచేత మనం చార్‌ధామ్ యాత్రకు వెళ్ళినా, పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్ళినా, కొండమీద నూగు పువ్వు కనిపిస్తే కూర్చుని తనివితీరా చూద్దాం. ఫొటో తీసుకుందాం. కోసి దేవుడి పటం దగ్గర పెట్టాలనే కోరిక మనకు సహజం. కాని అది పూచిన చోటే గింజ కట్టాలి. రెండు మూడు నెలలే దానికి గడువు. మన చేయి తగిలితే ఆ ఏటికి ఆ మొక్క పంట పోయినట్టే.

ఇంటికి వచ్చాక కుండీల దగ్గరికి వెళ్ళి, చెంబు ఎత్తేముందు ఒకసారి వేలు గుచ్చి చూడండి. ఆ కొండపువ్వు మనకు చెప్పే పాఠం అక్కడ అక్కరకొస్తుంది.